నకిరేకల్ దాటాక బండి ఆగింది, క్రేన్‌తో లాక్కొచ్చాక గేర్‌బాక్స్ పోయింది. ఈ ఖర్చు ఎవరు కట్టాలి?

మియాపూర్_మధు
పోయిన నెల అమ్మానాన్నలతో విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తుంటే నకిరేకల్ దాటి కాస్త ముందుకొచ్చాక టెంపరేచర్ లైట్ ఎర్రగా వెలిగింది. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేశా. చూస్తే రేడియేటర్ పైన హోస్ పైపు క్లిప్పు దగ్గర చీలిపోయి కూలెంట్ మొత్తం రోడ్డు మీదకి కారిపోయింది. రాత్రి తొమ్మిది దాటింది, అమ్మకి షుగర్, పక్కన లారీలు దూసుకెళ్తున్నాయి.

ఇన్సూరెన్స్‌తో పాటు రోడ్ సైడ్ అసిస్టెన్స్‌కి ప్రతి ఏడాదీ డబ్బు కడుతున్నా కాబట్టి వాళ్ళకి ఫోన్ చేశా. లొకేషన్ లింక్ పంపమన్నారు, పంపా. మళ్ళీ ఇంకొకరు ఫోన్ చేసి "సార్ మీరు ఏ జిల్లాలో ఉన్నారు" అంటారు. గంటన్నరలో వస్తుందన్న బండి అర్ధరాత్రి దాటాక వచ్చింది. మాది ఆటోమేటిక్, సీవీటీ గేర్‌బాక్స్ (గేర్ల బదులు పుల్లీ, బెల్టుతో నడిచేది), ఫ్లాట్‌బెడ్ (కారు మొత్తాన్ని పైకి ఎక్కించుకునే ట్రక్కు) మాత్రమే పంపండని కాల్ సెంటర్లో స్పష్టంగా చెప్పా. వచ్చింది కొక్కెం, గొలుసు ఉన్న మామూలు క్రేన్. వెనక వైపు నుంచి ఎత్తి, ముందు చక్రాలు రోడ్డు మీద దొర్లేలా కట్టాడు. ఇలా వద్దు, ముందు వైపు ఎత్తండి అన్నా. "మూతి రెయిలింగ్ వైపు ఉంది, తిప్పడానికి కుదరదు, రోజూ ఇలాగే లాగుతాం, న్యూట్రల్‌లో పెడితే ఏం కాదు" అన్నాడు. వద్దంటే వదిలేసి పోతానన్నాడు. ఆ టైంలో అమ్మని రోడ్డు మీద పెట్టుకుని ఏం చేస్తాం? ఎల్బీనగర్ దాకా దాదాపు వంద కిలోమీటర్లు అలాగే లాక్కొచ్చాడు. పైగా టోల్‌కి, "నైట్ ఛార్జీ"కి అని వేరేగా డబ్బు తీసుకున్నాడు, రసీదు లేదు.

సర్వీస్ సెంటర్ వాళ్ళు హోస్ మార్చి ఇంజిన్ స్టార్ట్ చేశారు, ఇంజిన్ బాగుంది. డి లో వేస్తే బండి కదలట్లేదు, కీచుమని శబ్దం. గేర్‌బాక్స్ మొత్తం మార్చాలి, 1 లక్షా 70 వేలు అని ఎస్టిమేట్ ఇచ్చారు. ఇన్సూరెన్స్ వాళ్ళేమో ఇది మెకానికల్ బ్రేక్‌డౌన్, యాక్సిడెంట్ కాదు, క్లెయిమ్ రాదంటున్నారు. రోడ్ సైడ్ వాళ్ళేమో "క్రేన్ మా వెండర్‌ది, అతనితో మాట్లాడుకోండి" అంటున్నారు. వెండర్ ఫోన్ ఎత్తడు. ఒంటి మీద కోపం ఆగట్లేదు. ఇలాంటిది ఎవరికైనా జరిగిందా? ఏం చేశారు?

పాత_డీజిల్
నకిరేకల్లోనే ఏ లోకల్ మెకానిక్‌నైనా పిలిచి ఉంటే హోస్ పైపు వేసి, నీళ్ళు పోసి పంపేసేవాడు. వెయ్యి రూపాయలతో పోయేది. ఈ ఆటోమేటిక్‌లు, యాప్‌లు వచ్చాక చిన్న పని కూడా పెద్దదవుతోంది.

కూకట్‌పల్లి_కవిత
@పాత_డీజిల్ అర్ధరాత్రి హైవే మీద ఏ మెకానిక్ షెడ్డు తెరిచి ఉంటుందండి? ఆయన డబ్బు కట్టిన సర్వీస్ గురించి అడుగుతున్నారు. ఏ గేర్‌బాక్స్ బండి కొనాలని కాదు.

స్పానర్_సత్తి
విజయవాడ ఆటోనగర్‌లో మాది షెడ్డు. మధు గారూ, మీరు చెప్పింది నిజమైతే గేర్‌బాక్స్ ఎలా పోయిందో చెప్తా. మీ బండిలో ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనే, గేర్‌బాక్స్ వాటికే కలిసి ఉంటుంది. సీవీటీలో ఆయిల్ తిప్పే పంపు ఇంజిన్‌తో తిరుగుతుంది. ఇంజిన్ ఆపి ముందు చక్రాలు రోడ్డు మీద దొర్లిస్తే లోపల పుల్లీ, బెల్టు తిరుగుతుంటాయి కానీ ఆయిల్ ప్రెషర్ ఉండదు. ఎండు మీద ఇనుముతో ఇనుము రాసుకుంటుంది. న్యూట్రల్‌లో పెట్టామా లేదా అన్నది దానికి సంబంధం లేదు. కొన్ని బండ్ల మాన్యువల్లో అసలు అలా లాగొద్దని ఉంటుంది, కొన్నింటిలో తక్కువ స్పీడులో కొద్ది దూరం వరకే అని ఉంటుంది. వంద కిలోమీటర్లు ఏ మాన్యువల్లోనూ ఒప్పుకోరు. మీ మాన్యువల్లో టోయింగ్ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి, అది మీకు పనికొస్తుంది.

ముందు వైపు ఎత్తినా సరిపోయేది. అదీ కుదరకపోతే ముందు చక్రాల కింద డాలీ పెట్టాలి. చిన్న చక్రాల బండి, ఇంతే ఉంటుంది. ఆ డాలీ కొనడానికి చాలామంది క్రేన్ వాళ్ళకి చేతులు రావు.

గుంటూరు_గోంగూర
సత్తి అన్నా, ఒక డౌటు. ఇంజిన్ వేడెక్కింది కదా, దానివల్ల గేర్‌బాక్స్ ఆయిల్ కూడా మాడిపోయి ఉండొచ్చు కదా? ఇన్సూరెన్స్ వాడు అదే అంటాడు.

స్పానర్_సత్తి
@గుంటూరు_గోంగూర అంటాడు, కచ్చితంగా అంటాడు. కానీ ఆయన లైట్ వెలగ్గానే ఆపేశారు, హోస్ మార్చగానే ఇంజిన్ శుభ్రంగా స్టార్ట్ అయింది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగం కింద ఉండే సీలు) కూడా బతికినప్పుడు గేర్‌బాక్స్ ఒక్కటే వేడికి చచ్చిపోయిందంటే నేను నమ్మను. తేల్చడానికి దారి ఉంది. ఆయిల్ పాన్ తీయించండి. పాన్ అడుగున అయస్కాంతాలు ఉంటాయి. వాటికి మామూలుగా బూడిదలాంటి పలచటి పేస్టు పట్టుంటుంది. ఎండుగా తిరిగి అరిగితే మెరుపు పొడి, సన్నటి ఇనుప రేకులు ఉంటాయి. ఆయిల్ వేడికి మాడితే నల్లగా, కమురు వాసనతో ఉంటుంది. రెండూ వేరు, చూడగానే తెలుస్తుంది. ఇంకా తెరవలేదు కదా? మీరు లేకుండా తెరవనివ్వకండి.

మియాపూర్_మధు
తెరవలేదు అన్నా. తెరవకుండానే "అసెంబ్లీ మొత్తం మార్చాలి" అన్నారు. తెరవడానికి కూడా లేబర్ ఛార్జీ వేరే అంటున్నారు.

ఓఆర్ఆర్_రైడర్
తెరవకుండా 1.70 చెప్పారా! డాక్టర్ నాడి చూడకుండా ఆపరేషన్ రాసినట్టుంది.

సింగ్‌నగర్_సుబ్బు
మా బాధ చెప్తా. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు మా వీధిలో కార్లన్నీ అద్దాల దాకా మునిగాయి. నీళ్ళు తీశాక క్రేన్ల కోసం జనం కొట్టుకున్నంత పని. మా ఇంటి నుంచి ఆటోనగర్ ఎంత దూరం? దానికి ఒకడు ఎనిమిది వేలు అడిగాడు, ఇంకొకడు పది. మామూలు రోజుల్లో అందులో నాలుగో వంతు కూడా ఉండదు. మా పక్కింటాయన ఆగలేక తాళం తిప్పి స్టార్ట్ చేశాడు, ఇంజిన్‌లోకి నీళ్ళు పోయి కనెక్టింగ్ రాడ్లు వంగిపోయాయి. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ లేదని ఇన్సూరెన్స్ వాళ్ళు ఇంజిన్ డబ్బు ఇవ్వలేదు. ప్రభుత్వం టూ వీలర్లకి 3 వేలు, ఆటోలకి 10 వేలు ఇచ్చింది. కార్ల వాళ్ళం మేం సర్వేయర్ల (ఇన్సూరెన్స్ తరఫున నష్టం లెక్కగట్టేవాళ్ళ) చుట్టూ తిరిగాం.

నా బండి షెడ్డులో నెలల తరబడి పడి ఉంది. పోయిన ప్రతిసారీ "పార్ట్ రావాలండి" అనేవారు. చివరికి వచ్చాక చూస్తే నా మంచి స్టెప్నీ లేదు, దాని బదులు గుండు టైరు ఉంది.

స్పానర్_సత్తి
@సింగ్‌నగర్_సుబ్బు అప్పుడు మా ఆటోనగర్‌లో సందు లేకుండా బండ్లు నిలబెట్టాం, రాత్రీ పగలూ చేశాం. నిజాయితీగా చేసినవాళ్ళూ ఉన్నారు. స్టెప్నీ మార్చినవాడిని మాత్రం నేను వెనకేసుకు రాను. అలాంటివాళ్ళ వల్లే మాకందరికీ చెడ్డపేరు.

సింగ్‌నగర్_సుబ్బు
మీలాంటివాళ్ళని అనలేదు సత్తి గారూ. ఎవరు మంచోళ్ళో మాకెలా తెలుస్తుంది అన్నదే మా బాధ.

క్లెయిమ్_కామయ్య
మోటార్ క్లెయిముల్లో చాలా ఏళ్ళు పనిచేశా. మధు గారి విషయంలో రెండు దార్లు ఉన్నాయి, రెండూ కలిపేయకండి.

మొదటిది: మీ ఓన్ డ్యామేజ్ పాలసీ, అంటే మీ సొంత బండికి జరిగిన నష్టానికి ఇచ్చే బీమా. హోస్ చీలడం మెకానికల్ బ్రేక్‌డౌన్, దానికి రాదు, అది నిజమే. కానీ గేర్‌బాక్స్ పోయింది హోస్ వల్ల కాదు, తరలించేటప్పుడు తప్పుగా లాగడం వల్ల. ప్రైవేట్ కార్ ప్యాకేజీ పాలసీ తీసి చదవండి. అగ్ని, దొంగతనం, వరద వగైరా జాబితాలో రోడ్డు, రైలు, జలమార్గం, లిఫ్టు, విమానం ద్వారా తరలింపులో ఉండగా జరిగే నష్టం అని కూడా ఒకటి ఉంటుంది. ఆ వాక్యం పట్టుకుని రాతపూర్వకంగా క్లెయిమ్ పెట్టండి. ఫోన్‌లో కాదంటే అది తిరస్కరణ కింద లెక్క కాదు. కాదంటే ఏ క్లాజు ప్రకారం కాదో కాగితం మీద ఇవ్వమనండి.

రెండోది: రోడ్ సైడ్ అసిస్టెన్స్. మీరు డబ్బు కట్టింది వెండర్‌కి కాదు. మీకు బండి పంపింది కంపెనీ. వాళ్ళు ఎవరితో పంపించుకున్నారన్నది వాళ్ళ గొడవ.

గుంటూరు_గోంగూర
కామయ్య గారూ, ఆ తరలింపు క్లాజు అంటే బండిని ట్రక్కు మీదో రైల్లోనో ఎక్కించి తీసుకెళ్ళేటప్పుడు కదా? ఇక్కడ సగం చక్రాలు రోడ్డు మీదే ఉన్నాయి. గొలుసుతో లాగడం తరలింపు కింద వస్తుందా? నాకైతే అనుమానమే.

క్లెయిమ్_కామయ్య
అనుమానం న్యాయమైనదే. కంపెనీ కూడా అదే వాదిస్తుంది. సర్వేయర్ వచ్చి చూస్తే నష్టం బయటి కారణం వల్ల వచ్చిందా, అరుగుదల వల్లా అన్నది రిపోర్టులో రాయాలి. అందుకే ముందు సర్వేయర్ వచ్చేలా చేయాలి. ఇంకో విషయం, యాక్సిడెంట్ అయితే టోయింగ్ ఖర్చుకి మామూలు పాలసీలోనే కారుకి 1500 దాకా ఉంటుంది, చాలామంది అడగరు. మధు గారిది యాక్సిడెంట్ కాదు కాబట్టి ఆ 1500 వర్తించదు.

పాత_డీజిల్
ఇన్ని క్లాజులు చదివే ఓపిక ఎవరికుంది? అందుకే అందరూ వదిలేస్తారు, వాళ్ళకి కావాల్సింది కూడా అదే. నా బండికి క్లచ్ ప్లేట్ మార్చామని బిల్లు వేశారు. పాత ప్లేటు ఇవ్వమంటే "స్క్రాప్‌లో పడేశాం" అన్నారు. గొడవ చేస్తే ఎవరిదో వేరే మోడల్ ప్లేటు తెచ్చి ఇచ్చారు! అప్పట్నుంచి నేను ఆ గేటు తొక్కలేదు.

కూకట్‌పల్లి_కవిత
ఈ విషయంలో @పాత_డీజిల్ గారితో నేనూ ఏకీభవిస్తా. పాత పార్టులు డిక్కీలో పెట్టాలని జాబ్ కార్డులోనే రాయిస్తా నేను. కిలోమీటర్ రీడింగు, పెట్రోల్ ఎంత ఉంది, స్టెప్నీ, మ్యూజిక్ సిస్టమ్ అన్నీ రాయించి ఫొటో తీసుకుంటా. అడ్వైజర్ మొహం మాడ్చుకుంటాడు, అయినా రాస్తాడు.

డాలస్_దొరబాబు
ఇక్కడ టెక్సస్‌లో టోయింగ్ వాళ్ళకి రాష్ట్ర లైసెన్సు ఉండాలి, బండికీ మనిషికీ కూడా. నాకున్న మోటార్ క్లబ్ ప్లాన్‌లో 100 మైళ్ళ దాకా టోయింగ్ ఉచితం. ఫ్లాట్‌బెడ్ కావాలంటే ఫ్లాట్‌బెడ్ వస్తుంది. అలాగని ఇక్కడ రిపేర్ షాపులు బంగారం అనుకోకండి, బ్రేకులకి వెళ్తే సస్పెన్షన్ కూడా పోయిందని చెప్పే వాళ్ళు ఇక్కడా ఉన్నారు. కానీ ఫోన్‌లో చెప్పిన బండే రావడం అన్నది పెద్ద తేడా. మధూ, నీ కాల్ సెంటర్ రికార్డింగ్ అడుగు. ఫ్లాట్‌బెడ్ అడిగావన్నది అందులో ఉంటుంది.

మియాపూర్_మధు
@డాలస్_దొరబాబు ఇది నాకు తట్టలేదు బ్రో. థాంక్స్. నాన్న ఫోన్‌లో ఒక వీడియో కూడా దొరికింది. మేం క్రేన్ వాడితో పాటు కేబిన్‌లో పట్టలేదు, వెనక ట్యాక్సీలో వచ్చాం. పోతూ పోతూ నాన్న వీడియో తీశారు. ముందు చక్రాలు రోడ్డు మీద తిరగడం, క్రేన్ నంబరు ప్లేటు రెండూ కనిపిస్తున్నాయి. వెనక ఒక దగ్గర ట్యాక్సీ స్పీడోమీటర్ కూడా పడింది, ఎనభై మీద ఉంది.

స్పానర్_సత్తి
ఎనభైయా! అయ్యో. ఇంక ఆ గేర్‌బాక్స్ బతికే ఛాన్సే లేదు. నాన్నగారికి నా నమస్కారం చెప్పండి, ఆ వీడియో బంగారం.

ఓఆర్ఆర్_రైడర్
అమ్మగారు ఎలా ఉన్నారు మధు గారూ? ఆ రాత్రి తిండి అదీ దొరికిందా?

మియాపూర్_మధు
బాగున్నారు అండీ. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర ఉండబట్టి సరిపోయింది. అమ్మ ఆ క్రేన్ డ్రైవర్‌కి కూడా పెట్టింది, "పాపం ఏ పూట తిన్నాడో" అని.

గుంటూరు_గోంగూర
పులిహోర తిని గేర్‌బాక్స్ కూడా తినేశాడన్నమాట 😀

కూకట్‌పల్లి_కవిత
😀😀 అమ్మలంతా ఇంతే.

ఒక మాట ఇక్కడ రాయాలి, ముఖ్యంగా ఒంటరిగా డ్రైవ్ చేసే ఆడవాళ్ళ కోసం. నాకు చిట్యాల దగ్గర టైరు పేలి రాత్రి పూట ఆగిపోయా. రోడ్ సైడ్ వాళ్ళ కోసం చూడకుండా ముందు 1033కి చేశా. అది జాతీయ రహదారుల సంస్థ హెల్ప్‌లైన్. పెట్రోలింగ్ జీపు వచ్చి వెనక కోన్లు పెట్టి, టైరు మార్చేదాకా అక్కడే ఉంది. క్రేన్ కూడా వాళ్ళకి ఉంటుంది. దగ్గర్లో సురక్షితమైన చోటు దాకా లాగుతారు, దానికి డబ్బు తీసుకోరు, కానీ ఇంటిదాకా తీసుకురారు. భయమనిపిస్తే 112. బండిలో కూర్చోకండి, హజార్డ్ లైట్లు వేసి, ట్రయాంగిల్ పెట్టి, రెయిలింగ్ అవతల నిలబడండి. ఆగిన బండిని వెనక నుంచి లారీ గుద్దితే ఏమవుతుందో మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం.

ఓఆర్ఆర్_రైడర్
మంచి విషయం చెప్పారు. ఒక్కటి కలుపుతా, హైదరాబాద్ ఔటర్ మీద 1033 పని చేయదు, అది జాతీయ రహదారుల సంస్థ (ఎన్‌హెచ్‌ఏఐ) రోడ్డు కాదు. ఔటర్ హెల్ప్‌లైన్ వేరే, రోడ్డు పక్క బోర్డుల మీద ఉంటుంది. ఎక్కగానే ఫొటో తీసి పెట్టుకోండి.

ఈవీ_ఎల్లయ్య
ఎలక్ట్రిక్ బండ్లకి కూడా ఇదే సమస్య, ఇంకా ఎక్కువ. మోటారు తిప్పే చక్రాలు రోడ్డు మీద దొర్లితే మోటారు కరెంటు తయారుచేస్తూనే ఉంటుంది, లోపల ఎలక్ట్రానిక్స్ కాలిపోవచ్చు. ఫ్లాట్‌బెడ్ తప్ప ఇంకేదీ ఒప్పుకోకూడదు. సూర్యాపేట దగ్గర నాకూ క్రేనే పంపారు, వెనక్కి పంపేశా. తెల్లారే దాకా ధాబాలో కూర్చున్నా.

వకీల్_వనజ
ఈ థ్రెడ్ మొత్తం చదివా. మధు గారూ, కామయ్య గారు చెప్పినట్టు ముందు రాతపూర్వకంగా ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి ఈ-మెయిల్ పెట్టండి. కాల్ రికార్డింగు భద్రపరచమని అందులోనే కోరండి, లేకపోతే కొన్నాళ్ళకి డిలీట్ అయిందంటారు. జవాబు నచ్చకపోతే ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) వాళ్ళ బీమా భరోసా పోర్టల్, లేదా 155255. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, కాదన్నా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరకి వెళ్ళొచ్చు. ఆంధ్ర, తెలంగాణలకి ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కాదన్న తేదీ నుంచి ఏడాది లోపు వెళ్ళాలి.

అది కాదనుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా సరే. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వేయాలి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేయొచ్చు. కానీ ఒకే విషయం మీద కమిషన్‌లో కేసు వేసేస్తే అంబుడ్స్‌మన్ తీసుకోరు. కాబట్టి ముందు అంబుడ్స్‌మన్, అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే తర్వాత కమిషన్. ఈ వరస తప్పకండి.

పాత_డీజిల్
కమిషన్లలో కేసులు ఏళ్ళ తరబడి నడుస్తాయి మేడం. అప్పటిదాకా బండి అక్కడే పెట్టుకోవాలా? పార్కింగ్ ఛార్జీ వాళ్ళే వేస్తారు.

వకీల్_వనజ
@పాత_డీజిల్ ఆలస్యం నిజమే, కాదనను. బండి అక్కడే ఉంచక్కర్లేదు. పాన్ తెరిచి, ఫొటోలు, వీడియో తీసి, సాక్ష్యం చేతిలో పెట్టుకున్నాక బాగు చేయించుకోవచ్చు, ఆ బిల్లు కేసులో అడగొచ్చు. పాత గేర్‌బాక్స్ మాత్రం వాళ్ళకి వదిలేయకూడదు. ఇంకో షెడ్డు నుంచి సంతకంతో ఒక రిపోర్టు ఉంటే బలం.

మియాపూర్_మధు
అప్‌డేట్. ఈ-మెయిల్ పెట్టా. పాలసీ క్లాజు, మాన్యువల్ పేజీ, నాన్న వీడియో, ఫ్లాట్‌బెడ్ అడిగిన కాల్ టైము అన్నీ జతచేశా. ఇన్నాళ్ళూ "వెండర్‌తో మాట్లాడుకోండి" అన్నవాళ్ళు రెండు రోజుల్లో ఫోన్ చేసి సర్వేయర్‌ని పంపుతామన్నారు. క్లెయిమ్ ఒప్పుకున్నట్టు కాదు, చూస్తామని మాత్రమే. సర్వీస్ సెంటర్ మేనేజరు కూడా మాట మార్చాడు, "అసెంబ్లీ మొత్తం కాకపోవచ్చు, తెరిచి చూద్దాం" అంటున్నాడు. తెరిచే లేబర్ ఛార్జీ ఎంతో జాబ్ కార్డులో రాయించా. శనివారం పొద్దున సర్వేయర్ ముందు పాన్ తీస్తారు.

క్లెయిమ్_కామయ్య
మంచిది. సర్వేయర్ వచ్చినప్పుడు ఆయిల్ శాంపిల్ రెండు సీసాల్లో తీయించి, ఒకటి మీరు తీసుకోండి, రెండింటి మీదా తేదీ, సంతకాలు పెట్టించండి. అయస్కాంతాన్ని తుడవకముందే దగ్గర నుంచి ఫొటో తీయండి. సర్వేయర్ రిపోర్టు కాపీ కావాలని అక్కడే ఈ-మెయిల్‌లో అడిగేయండి.

స్పానర్_సత్తి
శనివారం నేను వనస్థలిపురంలో మా బావమరిది ఇంటి దగ్గరే ఉంటా. కావాలంటే వస్తా, నాకేం ఇవ్వక్కర్లేదు. పాన్ తీసేటప్పుడు తెలిసినవాడు ఒకడు పక్కనుంటే వాళ్ళు కూడా తిన్నగా మాట్లాడతారు.

మియాపూర్_మధు
వచ్చేయండి అన్నా. పది గంటలకి రమ్మన్నారు. లొకేషన్ మీకు విడిగా మెసేజ్ చేస్తా.

సింగ్‌నగర్_సుబ్బు
తెరిచాక ఫొటోలు ఇక్కడ పెట్టండి మధు గారూ. మా వాళ్ళకీ ఒకరికి ఇలాంటిదే నడుస్తోంది, సర్వేయర్ ఏం రాశాడో తెలిస్తే వాళ్ళకి చూపిస్తా.